ఆరేండ్ల యువరాజు బ్రదికియుండిన యెడల

యూదా రాజుల వృత్తాంతములను చదువునప్పుడు మనకు ఒక క్రమము కనబడును. ఒక్కొక్క రాజు ఎన్ని యేండ్లు ఏలెనో, మంచి చేసెనో చెడు చేసెనో చెప్పిన తరువాత, అతని వెనుక సింహాసనమెక్కిన కుమారుని పేరు వ్రాయబడియుండును. ఆ పేరును మనము త్వరగా చదివి దాటిపోవుదుము. అయితే ఆ చిన్న మాటలోనే ప్రజల క్షేమము ఇమిడియున్నది. ఆ మాట వ్రాయుటకు వీలులేని చోట రాజ్యము ఎట్లు కదలిపోవునో తెలిసికొనుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. మన తెలుగువారందరును ఎరిగిన శ్రీకృష్ణదేవరాయల జీవితమే అందుకు చాలును.

తెనాలి రామకృష్ణుని కథలను, అప్పాజీ యుక్తులను వినుచు మనమందరము పెరిగితిమి. ఆ కథలలోని కృష్ణరాయలు ఎల్లప్పుడు నిండుసభలో నవ్వుచు కూర్చుండియుండును. అయితే ఆయన కడపటి అయిదేండ్లు నవ్వుతో గడువలేదు. ఆయన ఒక బిడ్డను పోగొట్టుకొనెను. ఆ దుఃఖములో తనకు మేలు చేసిన వానిని తన చేతులారా పోగొట్టుకొనెను. ఆ బిడ్డ బ్రదికియుండిన యెడల ఏమైయుండును అని ఈ నెల మనము కలిసి ఆలోచింతము.

సింహాసనము వచ్చిన త్రోవ

ఇక్కడ విజయనగరమనగా ఉత్తరాంధ్రలోని విజయనగరము కాదు. తుంగభద్ర ఒడ్డున, నేడు హంపి యని పిలువబడు చోట నుండిన మహానగరము. పదునైదవ శతాబ్దపు చివరి దినములలో సాళువ నరసింహరాయలు దానిని ఏలెను. 1491లో ఆయన చనిపోవునప్పటికి ఆయన కుమారులు చిన్నవారు. గనుక వారిని తన సేనాపతియైన తుళువ నరస నాయకునికి అప్పగించెను. పెద్దవాడు కొద్దికాలములోనే చంపబడెను. చిన్నవాడైన ఇమ్మడి నరసింహుడు పెనుకొండలో కావలియందుంచబడి, పేరునకు మాత్రము రాజుగా నుండెను. నరస నాయకుని తరువాత ఆయన పెద్ద కుమారుడు వీరనరసింహుడు అధికారమునకు వచ్చెను. 1505 ప్రాంతమున ఇమ్మడి నరసింహుడు కూడ చంపబడగా, వీరనరసింహుడు తానే రాజాయెను.

కాపాడుమని అప్పగింపబడిన బిడ్డల హక్కు, కాపాడవలసినవారి ఇంటికే చేరెను. కృష్ణరాయలు ఎక్కిన సింహాసనము ఇట్లు వచ్చినదేనని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

నరస నాయకునికి పలువురు భార్యలుండిరి. వీరనరసింహుడు ఒక తల్లి బిడ్డ, కృష్ణరాయలు నాగలాంబ కుమారుడు, అచ్యుతుడును రంగడును వేరొక తల్లి బిడ్డలు. 1535 ప్రాంతమున విజయనగరములో నుండిన నూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱముల వర్తకుడు ఒక సంగతి వ్రాసెను. వీరనరసింహుడు మరణపడకలో నుండి, ఎనిమిదేండ్ల తన కుమారునికే రాజ్యము దక్కవలెనని, తమ్ముడైన కృష్ణరాయల కన్నులు తీయించి తెమ్మని మంత్రి సాళువ తిమ్మరుసును ఆజ్ఞాపించెనట. తిమ్మరుసు కృష్ణరాయలను దాచి, ఒక మేక కన్నులను తెచ్చి రాజునకు చూపెనట. ఆ తిమ్మరుసే మన కథలలోని అప్పాజీ. ఇది ఉన్నదున్నట్లు జరిగెనో, జనులు చెప్పుకొనగా ఆ వర్తకుడు వినెనో గాని, కృష్ణరాయలకు రాజ్యము దక్కుటలో తిమ్మరుసు చెయ్యి ఉండెనని ఆ కాలపువారందరును నమ్మిరి.

1509లో కృష్ణరాయలు రాజాయెను. ఆయన చేసిన మొదటి పనులలో ఒకటి, అన్న కుమారుని, తన సహోదరులను చంద్రగిరి కోటకు పంపి కావలియందుంచుట అని నూనిజ్ చెప్పుచున్నాడు. ఆ ఇంటిలో అన్నదమ్ములు ఒకరికొకరు తోడు కాదు, ఒకరికొకరు భయము.

మన కృష్ణా తీరమున

ఆ కాలమున మన కృష్ణా గుంటూరు ప్రాంతములు ఒరిస్సా గజపతుల చేతిలో నుండెను. కృష్ణరాయలు తూర్పునకు దండెత్తి వచ్చి, 1514లో ఉదయగిరిని, 1515 జూన్ నెలలో కొండవీటిని పట్టుకొనెను. కొండవీటి ముట్టడిలో తిమ్మరుసు ముఖ్యుడు. గజపతి కుమారుడైన వీరభద్రుడు అక్కడ చెరపట్టబడెను. తరువాత తిమ్మరుసు మేనల్లుడైన నాదిండ్ల గోపమంత్రి కొండవీటి సీమను ఏలెను.

రాయలు అక్కడ నుండి బెజవాడకు వచ్చి, కృష్ణను దాటి కొండపల్లి కోటను ముట్టడించి లోబరచుకొనెను. ఈ దండయాత్రలోనే ఘంటసాల దగ్గర, కృష్ణ ఒడ్డున నున్న శ్రీకాకుళమను గ్రామములో ఆయన ఆగెను. అక్కడ కలిగిన కలను బట్టి ఆముక్తమాల్యద అను కావ్యమును వ్రాయ పూనుకొంటినని ఆయనే అందులో చెప్పుకొనెను. దివిసీమకు పోవు మనవారు అనేకులు ఆ గ్రామము మీదుగానే పోవుచుందురు. 1516లో ఆయన సింహాచలము వరకు సాగిపోయెను. కడకు గజపతితో సంధి కుదిరెను. గజపతి కుమార్తెను రాయలు పెండ్లాడి, కృష్ణకు ఉత్తరముననున్న భూములను మామకు తిరిగి ఇచ్చివేసెను. అప్పటి నుండి మన నదియే రెండు రాజ్యములకు సరిహద్దాయెను.

1520 మే నెలలో రాయచూరు యొద్ద బిజాపూరు సుల్తానును ఓడించుటతో ఆయన కీర్తి శిఖరమునకెక్కెను. ఆ దినములలో ఆయనను చూచిన పేస్ అను మరియొక పోర్చుగీసువాడు, రాజు నడితరపు ఎత్తువాడనియు, తెల్లవారకముందే లేచి సాము చేయుననియు, ఆయన ముఖము మీద మశూచి మచ్చలున్నవనియు వ్రాసిపెట్టెను. ఆ మచ్చలను మనము గమనింపవలెను. అంతటి రాజు కూడ చిన్ననాడు చావు అంచు వరకు పోయి వచ్చినవాడే. ఆ కాలమున మశూచికి టీకా లేదు, విషజ్వరమునకు మందు లేదు. గుడిసెలో పుట్టిన బిడ్డకును కోటలో పుట్టిన బిడ్డకును ప్రాణము ఒక్కటే దారమున వ్రేలాడుచుండెను.

కృష్ణరాయలు రాజైన ఆ 1509వ సంవత్సరమందే ఇంగ్లండు దేశములో ఎనిమిదవ హెన్రీ రాజాయెను. అతనికిని మగబిడ్డ నిలువలేదు. 1511లో పుట్టిన కుమారుడు రెండు నెలలైనను నిండకముందే చనిపోయెను. కుమారుని కొరకే అతడు భార్యను విడిచి వేరొకతెను పెండ్లాడి, తన దేశమునంతటిని తలక్రిందులు చేసెను. కడకు పుట్టిన ఎడ్వర్డు తొమ్మిదేండ్ల ప్రాయమున రాజై, పదునైదేండ్లకే 1553లో చనిపోయెను. తూర్పునను పడమటను రాజులు ఒకే దిగులుతో నిద్రలేచిన కాలమది.

పండుగలో వచ్చిన చావు

కృష్ణరాయలకు రాణి తిరుమలదేవియందు ఒక కుమారుడు పుట్టెను. వానికి తిరుమలరాయలని పేరు పెట్టిరి. తాను బ్రదికియుండగనే కుమారుని స్థానము స్థిరపరచవలెనని, 1524లో ఆరేండ్ల ఆ బాలునికి రాయలు పట్టాభిషేకము చేయించి, తాను మంత్రివలె ప్రక్కన నిలిచెను. తన అన్న కుమారునికి ఏమి జరిగెనో, సాళువ వంశపు బిడ్డలకు ఏమి జరిగెనో ఆయన ఎరుగును. తన బిడ్డకు అట్లు జరుగకూడదని ఆయన తండ్రి హృదయము కోరెను. ఇందులో మనము తప్పు పట్టజాలము.

ఆ పండుగలు ఎనిమిది నెలలు సాగెనని నూనిజ్ వ్రాసెను. ఆ పండుగలలోనే బాలుడు జబ్బుపడి చనిపోయెను.

అటుపిమ్మట, తిమ్మరుసు కుమారుడే బిడ్డకు విషము పెట్టించెనని ఎవరో రాజు చెవిని వేసిరి. రాయలు ఆ మాటను నమ్మెను. తిమ్మరుసును, ఆయన కుమారులను పట్టించి చెరలో వేయించి, తరువాత కన్నులు తీయించెను. తిమ్మరుసు చెరలోనే చనిపోయెనని నూనిజ్ చెప్పుచున్నాడు. విషము నిజమేనని ఋజువు చేయగల సాక్ష్యము ఏదియు మనకు దొరకలేదు. చరిత్రకారులలో అనేకులు దానిని నమ్మరు. ఆరేండ్ల బిడ్డ చచ్చుటకు ఆ దినములలో విషము అక్కరలేదు, జ్వరమే చాలును.

ఏ కన్నులను తిమ్మరుసు కాపాడెనని జనులు చెప్పుకొనిరో, ఆ కన్నుల యెదుటనే తిమ్మరుసు కన్నులు పోయెను.

ఇటువంటి సంగతి మనము చదివిన గ్రంథములో లేకపోలేదు. అతల్యా రాజకుటుంబపు బిడ్డలనందరిని చంపించుచుండగా, పసివాడైన యోవాషును మేనత్త ఎత్తుకొనిపోయి దాచెను. ఆమె భర్తయు యాజకుడునగు యెహోయాదా వానిని ఆరేండ్లు మందిరములో కాపాడి, ఏడవయేట రాజుగా నిలువబెట్టెను. యెహోయాదా బ్రదికినంత కాలము యోవాషు బాగుగా ఏలెను. ఆయన పోయిన తరువాత, ఆయన చేసిన ఉపకారమును మరచి, ఆయన కుమారుడైన జెకర్యాను రాళ్లతో చంపించెను. తనను దాచిన ఇంటినే దుఃఖపెట్టెను.

తరువాత జరిగినది

కృష్ణరాయలు 1529లో చనిపోయెను. కర్ణాటకములోని తుమకూరు సీమలో, హొన్నేనహళ్లి అను గ్రామమున దొరికిన శాసనము ఆ దినము అక్టోబరు 17 అని తెలుపుచున్నది. అప్పటికి ఆయనకు పదునెనిమిది నెలల వేరొక కుమారుడు మాత్రమే యుండెనని నూనిజ్ చెప్పును. ఆ పసివాడు రాజ్యము మోయలేడు గనుక, తాను చంద్రగిరిలో ఉంచిన తమ్ముడు అచ్యుతునికే రాయలు రాజ్యమును వ్రాసియిచ్చెను. రాయల అల్లుడైన రామరాయలు పసివాని పక్షముగా నిలిచి అధికారము కోరెను. ఆ పసివాడు కూడ ఎక్కువ కాలము బ్రదుకలేదు.

1542లో అచ్యుతరాయలు చనిపోగా, ఆయన చిన్న కుమారుడు వెంకటరాయలు రాజాయెను. ఆ బాలుని స్వంత మేనమామయైన సలకరాజు తిరుమలుడే వానిని చంపి, రాజకుటుంబపు వారిని చంపించెను. ఈ కలహములో బిజాపూరు సుల్తాను సహాయము కొరకు కబురు పోయెను. ఇంటిలోని తగవు తీర్చుటకు పొరుగువానిని పిలిచిరి. కడకు రామరాయలు సలకరాజును ఓడించి, రంగని కుమారుడైన సదాశివరాయలను సింహాసనము మీద కూర్చుండబెట్టి, పెత్తనమంతయు తానే చేసెను. పొరుగు సుల్తానుల తగవులలో ఒకసారి ఒకరి ప్రక్కను, మరియొకసారి మరియొకరి ప్రక్కను చేరి ఇరువది యేండ్లు గడిపెను. 1565 జనవరి 23న ఆ సుల్తానులు ఏకమై వచ్చిన యుద్ధమున ఆయన తల పోయెను. మహానగరము నెలల తరబడి దోచబడెను.

మన తీరముననైతే, 1580 నాటికి కొండవీడు కూడ గోలకొండ వారి వశమాయెను. బందరు గోలకొండ రేవాయెను. 1605 తరువాత డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును బందరులో దిగునప్పటికి, కృష్ణరాయల పేరు మన ఊళ్లలో కథగా మిగిలిపోయెను.

బిడ్డ బ్రదికియుండిన యెడల

ఇప్పుడు వేళ్లమీద లెక్క వేసికొందము. 1524లో ఆరేండ్ల తిరుమలరాయలు బ్రదికియుండిన యెడల, తండ్రి చనిపోవునప్పటికి పదునొకండేండ్ల వాడగును. అప్పుడు చెరలో గాక సభలో తిమ్మరుసు ఉండియుండును. ముసలివాడైనను, ఆయన వెనుక ఆయన నేర్పిన కుమారులును బంధువులును ఉండియుందురు. 1542 నాటికి ఆ రాజకుమారుడు ఇరువది నాలుగేండ్ల యువకుడగును. సలకరాజునకు సింహాసనము దగ్గర చోటు దొరకకపోవును. బిజాపూరునకు కబురు పంపనవసరము రాకపోవును. 1565 నాటికి అతనికి నలువది యేడేండ్లు. చిన్నవాడైన తమ్ముడు కూడ నిలిచియుండిన యెడల, వానికి ముప్పది యేడేండ్లుండును. అల్లుడు రాజును పేరునకుంచి పెత్తనము చేయుట కంటె, రాజే తన పని చేయుట జనులకు మేలని మాకు తోచుచున్నది.

అయితే ఇంతటితో ఆగిన యెడల మనము సగమే ఆలోచించినవారమగుదుము. కుమారులు బ్రదికిన ఇండ్లు ఏమాయెను? కృష్ణకు ఆవలి ఒడ్డును చూడుడి. గజపతి ప్రతాపరుద్రుడు 1540లో చనిపోవునప్పటికి ఆయనకు కుమారులు కలరు. ఇద్దరు ఒకరి వెంట ఒకరు రాజులైరి. ఇద్దరిని మంత్రి గోవింద విద్యాధరుడే చంపించి తాను రాజాయెను. గోలకొండను చూడుడి. కులీ కుతుబుషా పలువురు కుమారులు గలవాడు. 1543లో కుమారుడు జంషీదే తండ్రిని చంపించి, అన్న కన్నులు తీయించెను. చిన్నవాడు ఇబ్రహీము పారిపోయి విజయనగరములో రామరాయల యొద్ద ఏడేండ్లు అతిథిగా నుండెను. తెలుగు కవులు మల్కిభరాముడని పొగడినది అతనినే. అతడు కూడ 1565లో రామరాయల మీదికి వచ్చినవారిలో ఒకడు.

ఎక్కువమంది బిడ్డలుండుటయే రక్షణ కాదని దీనిని బట్టి తెలియుచున్నది. హిజ్కియా రోగియై కన్నీళ్లతో వేడుకొనగా, అతనికి పదునైదేండ్ల ఆయుష్షు కూడ ఇయ్యబడెను. ఆ యేండ్లలో పుట్టినవాడే మనష్షే. పండ్రెండేండ్లకు రాజై ఏబది యయిదేండ్లు ఏలి, తండ్రి కట్టినదంతయు పడగొట్టెను. ఆ మనష్షే మనుమడే ఎనిమిదేండ్లకు రాజైన యోషీయా, యూదా రాజులలో మిక్కిలి మంచివాడు. తిరుమలరాయలు మనష్షే వంటివాడగునో యోషీయా వంటివాడగునో ఏ మనుష్యుడు చెప్పగలడు? ఆ బిడ్డకు ఎదుగుటకు ఏండ్లు దొరకలేదు.

కాని ఒకటి చెప్పవచ్చును. యోవాషునకు యెహోయాదా దొరికెను. వెంకటరాయలకు సలకరాజు దొరికెను. ఇద్దరును పసివారే, ఇద్దరును అప్పగింపబడినవారే. వారి మధ్యనున్న భేదము, వారిని ఎత్తుకొనిన చేతులలో నున్నది. విజయనగరమునకు కొరతపడినది బిడ్డలు మాత్రమే కాదు. బిడ్డలను కాచు చేతులు. అట్టి చేతులు ఒక జత ఉండగా, రాజు తన దుఃఖములో వాటిని సంకెళ్లలో వేసెను. బిడ్డ చావు ఆయన వశములో లేదు. తిమ్మరుసు గతి ఆయన వశములోనిదే.

మన ఊళ్లలో

ప్రియ చదువరులారా, మనకు సింహాసనములు లేవు. అయినను ఈ రెండు సంగతులును మన గడపలలో జరుగుచునే యున్నవి.

మొదటిది, తండ్రి చనిపోయిన బిడ్డలు. వారి ఎకరమో రెండెకరములో పినతండ్రి దున్నుచుండును, లేక మేనమామ కౌలు పుచ్చుకొనుచుండును. మొదటి యేడు గింజలు సరిగా కొలిచి ఇచ్చును. మూడవయేట తగ్గును. పదియేండ్లకు ఆ పొలము ఎవరిదో ఊరు మరచిపోవును. నరస నాయకుని ఇంటిలో జరిగినది ఇదే, కొలత మాత్రమే వేరు. ఇట్టి బిడ్డ మన సంఘములో నున్నయెడల, వాని పట్టా పుస్తకము ఎక్కడ నున్నదో, వాడు బడికి పోవుచున్నాడో లేదో పెద్దలు అడిగి తెలిసికొనవలెను. అడుగుట వలన కొందరికి కోపము వచ్చును. అయినను అడుగవలెను.

రెండవది, బిడ్డ హఠాత్తుగా చనిపోయిన ఇల్లు. ఏడ్పు చల్లారకముందే ఎవరో వచ్చి చెవిలో ఒక పేరు వేయుదురు. ఫలాని విధవరాలు చేతబడి చేసెననియు, తోడికోడలు అన్నములో మందు కలిపెననియు చెప్పుదురు. ఈ మాటలను బట్టి కొట్టబడినవారును, ఊరు విడిచినవారును, ప్రాణము పోగొట్టుకొనినవారును మన తెలుగు జిల్లాలలో ఉన్నారు. మశూచి 1980 నాటికి లోకమునుండి తుడిచివేయబడినది. మన బిడ్డలకు టీకాలున్నవి, ఆసుపత్రులున్నవి. ఈ అనుమానమునకు మాత్రము టీకా రాలేదు. జబ్బు ఏమిటో వైద్యుని అడుగక, చేసినదెవరని పొరుగువారిని అడుగుట కృష్ణరాయలంతటి వాని చేత కూడ అన్యాయము చేయించెను.

దుఃఖములో నున్న ఇంటికి మనము పోవునప్పుడు, మన నోట ఎవరి పేరును రాకూడదు. ఇతరులు ఒక పేరు చెప్పినయెడల అక్కడనే ఆపవలెను. ఆ తండ్రి ప్రక్కన మౌనముగా కూర్చుండుడి. ఆ తల్లికి గంజి త్రాగించుడి. ఆ ఊరి జనులు ఎవరిని వేలెత్తి చూపుచున్నారో ఆ ఇంటికి కూడ అదే సాయంకాలమున పోయి, వారి గడపలో కూర్చుండి వారి చేతి నీళ్లు త్రాగుడి. కృష్ణరాయల సభలో అంతటి ధైర్యము చేసినవాడు ఒక్కడైన నుండెనని చరిత్ర మనకు తెలుపుట లేదు.